పాచి కలిసిన బొగ్గు

కాలు పెడితే జారేది పాచి. ఊపిరితిత్తుల్లో పేరుకునేది బొగ్గుపొడి. రెండూ ఎవరికీ అక్కర్లేనివే. ఆ రెంటినీ కలిపి కాలిస్తే పొగలో విషం తగ్గుతుందంటున్నారు శాస్త్రవేత్తలు. వినడానికి బాగానే ఉంది. కానీ, బొగ్గుబాయిలో ముప్ఫైనాలుగేళ్లు తట్ట మోసిన ఓ తాతకు మాత్రం ఆ లెక్క ఒక పట్టాన తేలలేదు!

గోదావరిఖనిలో ఓ ఆదివారం ఉదయం. నల్లా వచ్చే వేళవుతోంది. పెరట్లోని సిమెంటు తొట్టి ఖాళీ చేసి కొబ్బరిపీచుతో గోడలు రుద్దుతోందామె. ఎన్నిసార్లు రుద్దినా అంతే... వారం తిరిగేసరికి ఆకుపచ్చటి జిగురు మళ్లీ తయారు.

''బాపమ్మా, నువ్వు గోకి పారేసే పాచితోటి కరెంటు తీస్తరట తెలుసా?'' అన్నాడు మనవడు. హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతున్నాడు. సెలవులకి వచ్చాడు. తిరిగి వెళ్లగానే కాలేజీలో సెమినారు. బొగ్గులో సూక్ష్మనాచు కలిపి కాల్చడం గురించి చెప్పాలి.

''పారేసుడెందుకు? నిమ్మచెట్టు మొదట్ల ఏస్త'' అందామె తల తిప్పకుండానే.

అరుగుమీద కూర్చున్న తాత నవ్వబోయి దగ్గాడు. ఒకసారి మొదలైతే ఆ దగ్గు ఓ పట్టాన ఆగదు. ఆగేదాకా ఇంట్లో ఎవరూ మాట్లాడరు. అది అలవాటైపోయింది. ఆయన చేసింది కోల్ ఫిల్లర్ ఉద్యోగం. భూమి లోపల మందుపెట్టి పేల్చిన బొగ్గును తట్టకెత్తి టబ్బుల్లో నింపడం. ఆ తట్టతోనే ఇల్లు కట్టాడు. ఇద్దరు ఆడపిల్లల పెళ్లిళ్లు చేశాడు. ఇప్పుడు మనవడి ఫీజు కట్టేదీ ఆ తట్ట మిగిల్చిన డబ్బుతోనే. అందుకే ఆ ఇంట్లో బొగ్గును ఎవరూ తిట్టరు. అలాగని పొగడనూ పొగడరు. పొద్దున ఆరేసిన తెల్లపంచె మీద సాయంత్రానికి నల్లటి నలుసులు కనిపిస్తే విదిలించి మడతపెట్టుకుంటారు, అంతే.

మనవడికి ఈ విషయం నచ్చిందీ అందుకే. అన్నం పెట్టే బొగ్గు ఉండాలి, ఊపిరి తీసే పొగ ఉండకూడదు. అలాంటి దారి ఒకటుందంటే బొగ్గు ఊళ్లో పుట్టినవాడికి ఆశ పుట్టకుండా ఉంటుందా?

చెత్తకూ చెత్తకూ పెళ్లి

ఆ దారి వెతికినవాళ్లు దక్షిణాఫ్రికాలో ఉన్నారు. ఆ దేశపు బొగ్గు తెలుగువాళ్లకి మరీ కొత్తేమీ కాదు. మద్రాసు రేవులో ఓడ ఎక్కి నేటాల్ ప్రాంతానికి కూలికి వెళ్లినవారిలో మనవాళ్లూ ఉన్నారు. మూడు పౌన్ల తలపన్నుకు వ్యతిరేకంగా 1913లో గాంధీజీ పోరాటం మొదలుపెట్టినప్పుడు ముందుగా పని ఆపి బయటికొచ్చింది న్యూకాజిల్ బొగ్గుగనుల్లోని భారతీయ కూలీలే.

ఇప్పటికీ ఆ దేశానికి బొగ్గే ఆధారం. కరెంటులో నూటికి ఎనభై వంతుల దాకా బొగ్గు మండిస్తే వచ్చేదే. తవ్వినప్పుడు, పగలగొట్టినప్పుడు, కడిగినప్పుడు పెద్ద ముక్కలతోపాటు బొంబాయిరవ్వకన్నా సన్నటి పొడి కూడా వస్తుంది. దాంతోనే చిక్కు. నీటిని పట్టుకుని వదలదు. తడిగా ఉంటే ముద్దకడుతుంది. ఆరితే గాలికి లేస్తుంది. లారీకెత్తి పంపితే ఖర్చు గిట్టదు. దాంతో గనుల పక్కనే మడుగులు కట్టి అందులోకి వదిలేస్తుంటారు. అలా పనికిరాదని పక్కన పడేసే పొడి, నాసిరకం బొగ్గు కలిపి ఏటా కోట్ల టన్నులు! ఆ గుట్టలు ఊరికే ఉండవు. లోలోపల వేడెక్కి వాటంతటవే అంటుకుంటాయి. బొగ్గులో ఉండే గంధకపు ఖనిజం వాననీటితో, గాలితో కలిస్తే ఆమ్లమై వాగుల్లోకి దిగుతుంది.

ఆగ్నేయ తీరంలోని రేవు పట్టణం పోర్ట్ ఎలిజబెత్. 2021లో దాని పేరు గెబెర్హాగా మార్చారు. అక్కడి నెల్సన్ మండేలా విశ్వవిద్యాలయంలో ఇన్నోవెంటన్ అనే రసాయన పరిశోధన సంస్థ ఉంది. ప్రొఫెసర్ బెన్ జీలీ, ఆయన సహచరులు ఈ పొడికి ఓ జోడీ వెతికారు. అదే సూక్ష్మనాచు. కోల్‌నీ ఆల్గేనీ కలిపి 'కోల్‌గే' అని పేరు కూడా పెట్టారు.

సూక్ష్మనాచు అంటే ఒకే ఒక్క కణంతో బతికే మొక్కలాంటి జీవి. వేరు ఉండదు, కాండం ఉండదు. ఎండ, నీళ్లు, కాసిన్ని పోషకాలు, బొగ్గుపులుసు వాయువు ఉంటే చాలు. అనువుగా ఉంటే ఒకట్రెండు రోజుల్లోనే రెట్టింపవుతుంది. మాగాణి నేల అక్కర్లేదు. కొన్ని రకాలకు ఉప్పునీరైనా ఫర్వాలేదు, మురుగునీరైనా ఫర్వాలేదు. కిలో ఎండు నాచు తయారుకావాలంటే సుమారు 1.8 కిలోల బొగ్గుపులుసు వాయువును పీల్చుకోవాలి. మరి ఇంత మంచిదాన్ని ఇన్నాళ్లూ ఎందుకు వాడుకోలేదు?

తీయడం కష్టం గనక. మడుగులో పెంచితే లీటరు నీళ్లలో దొరికేది గ్రాము, ఒక్కోసారి అంతకన్నా తక్కువ. కిలో నాచు కోసం వెయ్యి లీటర్లు వడగట్టాలి. ఆ తడిని ఆరబెట్టడానికి అయ్యే ఖర్చు, నాచు కాలిస్తే వచ్చే వేడిని మింగేస్తుంది. అమెరికా ఇంధన శాఖ 1978లో మొదలుపెట్టి నాచు నుంచి నూనె తీసే పరిశోధన చేయించింది. పద్దెనిమిదేళ్లయినా పెట్రోలు ధరతో పోటీపడలేక 1996లో మూసేసింది.

దక్షిణాఫ్రికా పరిశోధకుల ఆలోచన ఇక్కడే పనికొచ్చింది. నాచు పెరిగిన నీళ్లలో బొగ్గుపొడి కలిపారు. నాచు కణాలు వెళ్లి పొడి రేణువులకు అంటుకున్నాయి. రెండూ కలిసి నీటి నుంచి వేరయ్యాయి. విడివిడిగా ఉన్నప్పుడు ఏడిపించే రెండూ జతకట్టాక వడపోతకు లొంగాయి. పైగా నాచులోని జిగురు పొడిని పట్టి ఉంచుతుంది. అచ్చులో పెట్టి నొక్కితే గట్టి బిళ్ల తయారు!

మనవడు ఇదంతా చెబుతుంటే బాపమ్మ తొట్టిలోంచి తల పైకెత్తింది.

''గింతేనా? గ్యాసు రాకముందు మేం జేసింది గదే గదా. బొగ్గుపొడిల ఇంత మట్టి, ఇంత పేడ కలిపి ఉండలు జేసి ఎండపెట్టేది. మేం పేడ కలిపినం, ఆళ్లు పాచి కలిపిన్రు.''

మంటలో ఏమవుతుంది?

ఆమె మాటలో అతిశయోక్తి లేదు. పని దాదాపు అదే. తేడా అంతా పొయ్యిలో ఉంది.

బొగ్గు లావు మొద్దులాంటిది. ఓ పట్టాన రాజుకోదు. రాజుకున్నాక కూడా కొంత కాలీకాలకుండా మసిగా, కార్బన్ మోనాక్సైడ్‌గా గొట్టంలోంచి బయటికి పోతుంది. నాచు ఎండు చితుకులాంటిది. దానిలోని పదార్థాలు తక్కువ వేడికే ఆవిరై అంటుకుంటాయి. మొద్దు కింద చితుకులు పెట్టినట్టు ఆ మంట బొగ్గును త్వరగా అందుకుంటుంది. పూర్తిగా కాలితే పొగ తక్కువ, మసి తక్కువ. అదీకాక చాలా రకాల నాచులో గంధకం బొగ్గులోకన్నా తక్కువే. నాచు ఎంత కలిస్తే అంతమేర బొగ్గు తగ్గుతుంది. ఆ మేరకు గంధకపు వాయువూ తగ్గుతుంది.

కానీ మరో వైపూ చూడాలి. నాచులో మాంసకృత్తులు ఎక్కువ. మాంసకృత్తులంటే నత్రజని. కొలిమి సరిగ్గా నడపకపోతే నత్రజని ఆక్సైడ్లు తగ్గకపోగా పెరగొచ్చు. ఉప్పునీటిలో పెరిగిన నాచును సరిగ్గా కడగకపోతే దానిలోని సోడియం, పొటాషియం లవణాలు బాయిలర్ గొట్టాల మీద కరుడుకడతాయి. ఏ రకం నాచు, ఏ నీళ్లు, ఎలాంటి కొలిమి... వీటిని బట్టి ఫలితం మారిపోతుంది. అందుకే 'నాచు కలిపితే కాలుష్యం మాయం' అని ఒక్క ముక్కలో చెప్పేసేవాళ్ల మాట నమ్మకూడదు.

తాత వేసిన ప్రశ్న

మనవడు చెప్పింది అంతసేపూ విన్నాడు తాత. బాయిలో గడిపినవాళ్లకు తొందరపడి మాట్లాడే అలవాటుండదు.

''పాచి పాడుగాలిని తాగుతదంటివి. మరి దాన్నే తీస్కపోయి కాలిస్తే, తాగిందంత మల్ల గాలిలకే పోదార?''

కుర్రాడు గతుక్కుమన్నాడు. సెమినారులో ప్రొఫెసర్లు అడుగుతారని భయపడుతున్న ప్రశ్న అదే!

తాత చెప్పింది నిజం. నాచు పీల్చిన బొగ్గుపులుసు వాయువు కాల్చగానే మళ్లీ బయటికి వస్తుంది. అది భూమిలో పాతిపెట్టినట్టు కాదు. అయితే ఓ లాభం ఉంది. పైమడిలో పారిన నీళ్లే కిందిమడికీ పారితే చెరువులో నీళ్లు పెరగవు గానీ రెండు మళ్లు పండుతాయి. ఇదీ అంతే. గొట్టంలోంచి వచ్చే వాయువునే నాచుకు పెట్టి, ఆ నాచునే మళ్లీ పొయ్యిలో వేస్తే ఒకసారి కాలిన కార్బనం రెండోసారి పనిచేస్తుంది. ఆ మేరకు గనిలోంచి తవ్వే కొత్త బొగ్గు తగ్గుతుంది.

''మంచిదే. ఎంత తగ్గుతది?'' తాత రెండో ప్రశ్న.

కుర్రాడు కాగితం అందుకున్నాడు. 500 మెగావాట్ల యూనిట్ ఒకటి రోజంతా పూర్తి స్థాయిలో నడిస్తే కోటీ ఇరవై లక్షల యూనిట్ల కరెంటు వస్తుంది. యూనిట్‌కి ఆరేడు వందల గ్రాముల బొగ్గు అనుకున్నా రోజుకు ఏడు వేల టన్నులు పైమాటే. అందులో పదోవంతు నాచు కలపాలంటే రోజుకు 700 టన్నుల ఎండు నాచు కావాలి. మడుగు బాగా పండితే చదరపు మీటరుకు రోజుకు 20 గ్రాములు వస్తుందనుకుందాం. 700 టన్నులకు మూడున్నర కోట్ల చదరపు మీటర్లు. ఎకరాల్లో చెప్పాలంటే ఎనిమిదివేల ఆరువందల పైచిలుకు!

ఒకే ఒక్క యూనిట్‌కి. మడుగు బాగా పండితేనే. పంట సగమైతే నేల రెట్టింపు.

''ఎనిమిదివేల ఎకరాల తొట్టి ఎవల్లు తోముతర్ర?'' అంది బాపమ్మ. ముగ్గురూ నవ్వారు. తాత ఈసారి దగ్గకుండా నవ్వాడు.

నేల ఒక్కటే కాదు. మేలో గోదావరిఖని ఎండ సంగతి చెప్పనక్కర్లేదు. అంత మడుగులోంచి రోజూ ఆవిరయ్యే నీళ్లు ఎక్కణ్నుంచి తెచ్చిపోయాలి? పోనీ ఇంతా చేస్తే? 700 టన్నుల నాచు పీల్చేది సుమారు 1,260 టన్నుల బొగ్గుపులుసు వాయువు. ఆ యూనిట్ గొట్టంలోంచి రోజుకు వచ్చేది పదకొండు వేల టన్నుల పైనే. అంటే తొమ్మిదింట ఒక వంతు. మిగతా ఎనిమిది వంతులు యథాప్రకారం ఆకాశానికే.

మందు ఉంది, వైద్యం వాయిదా పడకూడదు

తొమ్మిదింట ఒకటైనా తక్కువేమీ కాదు. అయితే ఆ ఒక వంతును చూపించి మిగతా ఎనిమిది వంతుల మాట దాటేస్తే? అసలు భయం అదే.

దక్షిణాఫ్రికాలోనే బొగ్గుగనులకూ థర్మల్ కేంద్రాలకూ నడిబొడ్డున ఓ పట్టణం ఉంది. ఒకప్పుడు విట్‌బ్యాంక్ అనేవారు. 2006లో ఎమలహ్లేని అని పేరు మార్చారు. స్థానిక భాషలో దానర్థం బొగ్గుండే చోటు. ఆ చుట్టుపక్కల గాలి బాగా చెడిపోయిందని ప్రభుత్వమే 2007లో దాన్ని ప్రత్యేక శ్రద్ధ పెట్టాల్సిన ప్రాంతంగా ప్రకటించింది. ప్రణాళికలు వచ్చాయి. గాలి మాత్రం మారలేదు. చివరికి 2019లో స్వచ్ఛంద సంస్థలు కోర్టుకెక్కాయి. 2022 మార్చిలో ప్రిటోరియా హైకోర్టు తీర్పు చెప్పింది: అక్కడి ప్రమాదకరమైన గాలి, ఆరోగ్యానికి హాని చేయని పరిసరాల్లో బతికేందుకు రాజ్యాంగం ఇచ్చిన హక్కును ఉల్లంఘిస్తోందని. గాలి బాగోలేదని గుర్తించడానికీ ఈ తీర్పుకీ మధ్య గడిచిన కాలం పదిహేనేళ్లు. పసిపిల్లాడు పదో తరగతికి వచ్చేంత కాలం!

మన దగ్గరా వాయిదాల కథ ఉంది. థర్మల్ కేంద్రాల గొట్టాల్లోంచి వచ్చే గంధకపు వాయువుకు, నత్రజని ఆక్సైడ్లకు, పాదరసానికి కేంద్రం 2015 డిసెంబరులో తొలిసారి హద్దులు పెట్టింది. రెండేళ్లలో అమలు చేయాలంది. గడువు ఒకటికి నాలుగుసార్లు జరిగింది. గంధకాన్ని కడిగేసే యంత్రాలు బిగించే పనినుంచి 2025 జులైలో చాలా కేంద్రాలకు మినహాయింపు ఇచ్చింది. మన బొగ్గులో గంధకం తక్కువేనన్నది ప్రభుత్వ వాదన. గంధకం తక్కువన్నది నిజమే. కానీ మన బొగ్గులో బూడిద ఎక్కువ. నూటికి ముప్ఫై నుంచి నలభై వంతుల దాకా ఉంటుంది. నాచు కలిపినంత మాత్రాన మిగతా బొగ్గులోని బూడిద ఎటూ పోదు. పాదరసమూ పోదు. వాటిని పట్టడానికి గొట్టాల దగ్గర వడపోతలు ఉండాల్సిందే. అవి సరిగ్గా పనిచేయాల్సిందే.

బొగ్గులో మరొకటి కలిపి కాల్చడం మన దేశానికి కొత్తేమీ కాదు. పంట వ్యర్థాలను గుళికలుగా చేసి బొగ్గుతోపాటు కొంత శాతం మండించాలని 2021లో కేంద్ర విద్యుత్ శాఖ విధానం తెచ్చింది. పొలాల్లో గడ్డి తగలబెట్టడమూ తగ్గుతుంది, బొగ్గూ తగ్గుతుంది. నాచు కూడా అలాంటి సాయమే. వైద్యుడు ఇచ్చే మందుతోపాటు తాగే కషాయం లాంటిది. కషాయం తాగుతున్నాం కదా అని మందు మానేస్తేనే ముప్పు.

ఇంతకీ ఇది పనికొచ్చేదెక్కడ? పెద్ద థర్మల్ కేంద్రంలోకన్నా చిన్నచోట్ల. గని పక్కన గుట్టలుగా పడున్న పొడి దగ్గర. పట్టణాల మురుగునీరు వృథాగా పోయే దగ్గర. మురుగులో నాచు పెంచితే నీళ్లూ కొంత శుభ్రపడతాయి. దక్షిణాఫ్రికాలో పేదల వాడల్లో చలికాలం వస్తే ఇప్పటికీ ఇళ్లల్లో బొగ్గు పొయ్యిలు వెలిగిస్తారు. ఆ పొగకు గొట్టం ఉండదు, వడపోత ఉండదు. నేరుగా పిల్లల ముక్కుల్లోకే. అలాంటి పొయ్యిలో తక్కువ పొగతో మండే బిళ్ల పడితే తేడా లెక్కల్లో కాదు, ఆ రాత్రి పిల్లాడి నిద్రలోనే తెలుస్తుంది.

మనవడు కాగితం మీద అంకెల్ని మరోసారి చూసుకున్నాడు. మొదట్లో ఉన్న హుషారు కాస్త తగ్గింది.

''సెమినారుకు వేరేది చూస్కుంట తాతా. ఇది అంత పెద్దగ ఏం లేదు'' అన్నాడు.

''ఎందుకు లేదు? తట్టెడు తగ్గినా తగ్గుడే గదా. మేం బాయిల టబ్బు నింపింది తట్ట తట్టతోనే.'' మాట మధ్యలో దగ్గొచ్చింది. ఆగింది. మళ్లీ అందుకున్నాడు. ''గని ఒక్క ముచ్చట. తట్టెడు తగ్గితే తట్టెడని చెప్పు. టబ్బు తగ్గిందని చెప్పకు. తగ్గింది ఎంతో రాయి, మిగిలింది ఎంతో గూడ రాయి. షిఫ్టు దిగంగ మా దగ్గర రెండూ రాసుకునేటోళ్లు.''

ఇంతలో నల్లా వచ్చింది. బాపమ్మ గోకిన పాచినంతా చేటలోకి ఎత్తి నిమ్మచెట్టు మొదట్లో వేసింది. చెయ్యి కడుక్కుని తొట్టిలోకి పైపు వదిలింది. మనవడు కాగితం తిప్పి, వెనకవైపు నిలువుగా ఓ గీత గీశాడు. ఒకవైపు తగ్గింది, ఇంకోవైపు మిగిలింది.